ఫాఫ్సా పంపాం సరే, కాలేజీకి అందిందా?

"పంపేశామండీ, ఇంక టెన్షన్ లేదు" అని నవంబర్ 22 శనివారం సాయంత్రం నవ్వుకుంటూ వెళ్లిన మనిషి, డిసెంబర్ 13 పొద్దున్నే ఫోన్ చేసి "ఏడు కాలేజీల్లో రెండు మాకేమీ రాలేదంటున్నాయండీ, ఏం చేద్దాం?" అన్నారు. పంపింది ఫాఫ్సా, అంటే అమెరికాలో కాలేజీ చదువుకు ఫెడరల్ ప్రభుత్వ సాయం కోసం నింపే ఫారం. టెక్సస్ పబ్లిక్ యూనివర్సిటీలకు ప్రయారిటీ గడువు జనవరి 15. మధ్యలో క్రిస్మస్ సెలవులు, ఆఫీసుల్లో ఫోన్ ఎత్తేవాళ్లుండరు. తప్పులో నా వాటా కూడా ఉంది, అదెక్కడో చెప్తాను.

నేను పదేళ్లుగా టెక్సస్‌లో ఒక కమ్యూనిటీ కాలేజీ ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసులో పనిచేస్తున్నాను. సెప్టెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా శనివారాలు ఇర్వింగ్‌లో లైబ్రరీ గదిలో కూర్చుని మన తెలుగువాళ్ల పిల్లలకు ఫాఫ్సా ఫారం నింపడంలో సాయం చేస్తుంటాను, డబ్బేమీ తీసుకోను. అసలు ఆ పేరులో మొదటి అక్షరమే ఫ్రీ అని, అయినా దాన్ని నింపిపెట్టడానికి మూడొందల డాలర్లు తీసుకునేవాళ్లున్నారు, ఇచ్చేవాళ్లూ ఉన్నారు. ఈ కుటుంబం రాయమంటేనే రాస్తున్నాను. పేర్లు, కాలేజీల పేర్లు తీసేశాను, అంకెలు కొద్దిగా గుండ్రం చేశాను.

ఇంట్లో నలుగురు. తండ్రి హెచ్1బీ ఉద్యోగ వీసా మీద సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఉన్నారు. తల్లిది హెచ్4, అంటే హెచ్1బీ వాళ్ల భార్యాపిల్లలకిచ్చే వీసా, ఆవిడకు సోషల్ సెక్యూరిటీ నంబర్ లేదు, టాక్స్ కోసం తీసుకున్న ఐటిన్ మాత్రం ఉంది. పెద్దబ్బాయి హైదరాబాద్‌లో పుట్టాడు, ఇరవై ఏళ్లు, హెచ్4 మీదే ఇక్కడ కాలేజీ చదువుతున్నాడు. అమ్మాయి 2008లో అమెరికాలో పుట్టింది. తర్వాత రెండేళ్లకే ఇండియా వెళ్లిపోయారు, పదకొండేళ్లు అక్కడే ఉండి 2021లో మళ్లీ వచ్చారు. అంటే అమ్మాయి అమెరికన్ సిటిజన్, అన్నయ్య కాదు. ఒకే ఇల్లు, ఒకే అమ్మానాన్న, ఒకే జీతం, కానీ ఫెడరల్ సాయానికి అమ్మాయి అర్హురాలు, అబ్బాయి కాడు.

ఇక్కడే మొదటి చిక్కు. అబ్బాయి కాలేజీకి వెళ్లేటప్పుడు 2023 చివర్లో తండ్రి ఉత్సాహంగా ఫాఫ్సా వెబ్‌సైట్‌లో తన పేరుతో ఖాతా తెరిచారు, తర్వాత హెచ్4 పిల్లలకు రాదని తెలిసి వదిలేశారు. ఆ దెబ్బతో "మాది హెచ్1బీ, ఫాఫ్సా మాకు రాదు" అని ఇంట్లో ఖాయమైపోయింది. టెక్సస్‌లో హైస్కూల్ పాసవ్వాలంటే సీనియర్ (పన్నెండో తరగతి) పిల్లలు ఫాఫ్సా అయినా నింపాలి, సిటిజన్లు కానివాళ్లకున్న టాస్ఫా అయినా నింపాలి, రెండూ వద్దంటే ఆప్ట్-అవుట్ ఫారం మీద సంతకం పెట్టివ్వాలి. ఈయన మూడోది ఎంచుకున్నారు. నవంబర్ 1న అమ్మాయి ఆ కాగితం పట్టుకుని నా దగ్గరకొచ్చి "ఆంటీ, ఇందులో నాన్న సంతకం ఎక్కడ పెట్టాలి?" అని అడిగింది.

"నువ్వెక్కడ పుట్టావు?" అన్నాను.

అంతే, ఆ కాగితం పక్కన పెట్టేశాం. ఫారం చూసేది విద్యార్థి స్టేటస్‌ని. అమ్మానాన్నల వీసా ఏమిటని అసలు ప్రశ్నే లేదు. ఇది నేను ఏటా కనీసం పది ఇళ్లకు చెప్తాను, అయినా వాట్సాప్ గ్రూపుల్లో "హెచ్1బీ వాళ్లకు రాదు" అన్న ముక్కే తిరుగుతుంటుంది. పెద్దపిల్లాడికి రాలేదు కాబట్టి చిన్నదానికీ రాదనుకోవడం సహజమే, కానీ ఆ సహజమైన తప్పుకు నాలుగేళ్ల ఫీజు ఖరీదు.

వెంటనే తండ్రి రెండో సందేహం తీశారు. "నా జీతం 2024లో లక్షా ముప్పై రెండు వేలు. అంత ఉంటే ఇస్తారాండీ?" ఇవ్వకపోవచ్చు. ప్రభుత్వం తిరిగి అడగకుండా ఇచ్చే, గరిష్ఠంగా 7,395 డాలర్లుండే పెల్ గ్రాంట్ ఈ ఆదాయానికి రాదు. కానీ ఫాఫ్సా ఉంటేనే అమ్మాయికి ఫెడరల్ స్టూడెంట్ లోన్ వస్తుంది, చాలా యూనివర్సిటీలు తమ సొంత గ్రాంట్లకు కూడా ముందు దీన్నే చూస్తాయి. ఈ ఇంటి సంగతిలో ఇంకోటి కూడా ఉంది, అది తల్లి చెప్పింది, తండ్రి కాదు. "ఆయనకు మార్చిలో ఉద్యోగం పోయింది కదా, ఆ సంగతి ఎక్కడ రాయాలి?" అని. ఆ గదిలో ఆరోజు అడిగిన ప్రశ్నలన్నింటిలో పనికొచ్చిన ప్రశ్న అదే.

2025 మార్చి 14న లేఆఫ్. హెచ్1బీ మీద ఉన్నవాళ్లకు ఇంకో ఉద్యోగం వెతుక్కోవడానికి అరవై రోజుల గడువు, ఆయనకు కొత్త కంపెనీ దొరికింది 59వ రోజున. దొరికింది సరే, జీతం తొంభై రెండు వేలు. 2026-27 ఫాఫ్సా మాత్రం 2024 టాక్స్ రిటర్న్ చూస్తుంది. పోయిన ఉద్యోగం జీతం చూసి లెక్క కడుతుందన్నమాట. ఫారంలో దాన్ని మార్చే చోటు లేదు. ముందు ఉన్నదున్నట్టు పంపాలి, ఆ తర్వాత ఒక్కో కాలేజీతో విడివిడిగా మాట్లాడుకోవాలి. ఆ మాట అప్పుడే చెప్పి, ఫైల్లో కాగితాలు దాచుకోమన్నాను.

ఇక ఖాతాల గొడవ. దీనికి రెండు వారాలు పట్టింది, నవ్వొస్తుంది కానీ ఆ రెండు వారాలూ ఎవరూ నవ్వలేదు.

ఇప్పటి ఫాఫ్సాలో విద్యార్థికి ఒక ఖాతా, సమాచారం ఇవ్వాల్సిన తల్లి లేక తండ్రికి వేరే ఖాతా ఉండాలి. ఎవరి ఖాతాలోంచి వాళ్లే లోపలికెళ్లి, టాక్స్ శాఖ ఐఆర్‌ఎస్ నుంచి ఆదాయం వివరాలు తెచ్చుకోవడానికి ఒప్పుకుని, వాళ్లే సంతకం చేయాలి. మన ఇళ్లల్లో ఇలాంటి పనులన్నీ నాన్న పనులు. కరెంటు బిల్లు, కారు ఇన్సూరెన్స్, పిల్లల పాస్‌పోర్టు, అన్నీ ఒక్కడే ఒక్క ఈమెయిల్‌తో చేస్తాడు. ఈయన కూడా ఆదివారం ఇంట్లో కూర్చుని అమ్మాయి ఖాతాను తన జీమెయిల్‌తో, తన ఫోన్ నంబర్‌తో తెరిచేశారు. తర్వాత తనకు తెరవబోతే, మీ సోషల్ సెక్యూరిటీ నంబర్ మీద ఇప్పటికే ఒక ఖాతా ఉందంది సైటు. ఉంది, 2023లో తెరిచిందే. దానికిచ్చిన ఈమెయిల్ పాత ఆఫీసుది! ఉద్యోగంతో పాటే ఆ మెయిలూ పోయింది. లాగిన్ అవ్వాలంటే కోడ్ ఆ మెయిల్‌కే వెళ్తుంది. సరే, తన జీమెయిల్‌కి మారుద్దామంటే అది అమ్మాయి ఖాతాలో ఉంది, ఒక ఈమెయిల్ రెండు ఖాతాలకు పనికిరాదు. ఫోన్ నంబరూ అంతే.

ఇంతలో ఆయన, ఇద్దరం సంతకం చేయాలేమోనని భార్యకు కూడా ఖాతా తెరవడం మొదలుపెట్టారు. సోషల్ లేనివాళ్లు కూడా తెరవొచ్చు, కాకపోతే ఆ గుర్తింపు ప్రక్రియ వేరు, కొందరికి ఆలస్యమవుతుంది. 2024-25 ఫారం వచ్చిన కొత్తల్లో సోషల్ లేని తల్లిదండ్రుల పిల్లలు నెలల తరబడి ఫారం పూర్తి చేయలేక నానా తిప్పలు పడ్డారు, ఆ భయం మనవాళ్లల్లో ఇంకా పోలేదు. అసలు ఈ ఇంట్లో అది అవసరమే లేదు. భార్యాభర్తలు కలిపి జాయింట్‌గా టాక్స్ ఫైల్ చేస్తే ఒక్కరు చాలు. తల్లి ఖాతా గురించి వాళ్లు పడ్డ వారం రోజుల హైరానా అంతా దండగ. జాయింట్‌గా ఫైల్ చేశారా అని మొదటి శనివారమే నేను అడిగి ఉండాల్సింది, అడగలేదు.

తండ్రి పాత ఖాతా ఎలా తెరుచుకుందంటే, ఖాతా తెరిచేటప్పుడు సైటు ఒక బ్యాకప్ కోడ్ ఇస్తుంది, ఎక్కడైనా రాసిపెట్టుకోండి అంటుంది. ఎవరూ రాసుకోరు. "ఏమైనా స్క్రీన్‌షాట్ తీశారా?" అంటే గుర్తులేదన్నారు. నవంబర్ 15న లైబ్రరీలో కూర్చుని ఫోన్ గ్యాలరీ 2023 డిసెంబర్ దాకా వెనక్కి జరుపుతూ పోయారు. తిరుమల కొండ మీద ఫోటోలు, ఎవరిదో గృహప్రవేశం, గ్యాస్ బిల్లు, మసకమసగ్గా ఒక పప్పన్నం ప్లేటు, దాని పక్కన ఆ కోడ్! పక్క టేబుల్ వాళ్లు తిరిగి చూసేంత గట్టిగా "దొరికిందే!" అని అరిచారు భార్యతో. ముందు అమ్మాయి ఖాతాను అమ్మాయి సొంత ఈమెయిల్‌కి, సొంత నంబర్‌కి మార్చాం. స్కూల్ ఈమెయిల్ వద్దన్నాను, జూన్‌లో అదీ పోతుంది కాబట్టి. తర్వాత ఆయన ఖాతాను ఆయన జీమెయిల్‌కి తెచ్చాం.

22న ఫారం. లాప్‌టాప్ అమ్మాయి ముందు పెట్టించాను. ఆయన పక్కనుంచి చెయ్యి చాపుతూనే ఉన్నారు, "నువ్వు జరుగమ్మా, నేను కొడతా" అంటూ. అమ్మాయి భాగం అమ్మాయి నింపి, తండ్రి ఈమెయిల్ ఇచ్చి ఆహ్వానం పంపింది. ఆయన తన ఫోన్లోంచి తన ఖాతాలోకి వెళ్లి తన భాగం మొదలుపెట్టారు. ఆదాయం ఐఆర్‌ఎస్ నుంచి నేరుగా వచ్చేస్తుంది, ఆ అంకెలు మనకు కనిపించవు, అది చూసి కంగారు పడొద్దు. ఒప్పుకోను అని నొక్కితే మాత్రం అమ్మాయికి ఫెడరల్ సాయం మొత్తం ఆగిపోతుంది, కాలేజీ లెక్క కట్టడానికే వీలుండదు.

ఆస్తుల పేజీ దగ్గర పదిహేను నిమిషాలు ఆగాం. రిటైర్‌మెంట్ కోసం దాచుకునే 401కే లెక్కలోకి రాదు. ఉంటున్న సొంతిల్లు రాదు, వీళ్లది అద్దె అపార్ట్‌మెంటే అనుకోండి. బ్యాంకులో ఉన్నది వస్తుంది, ఇండియాలో ఎన్‌ఆర్‌ఈ డిపాజిట్ అయినా సరే. షాద్‌నగర్ దగ్గర ఈయన పేరు మీద రెండొందల గజాల ప్లాటుంది.

"అది అక్కడి భూమి కదండీ, ఇక్కడెందుకు చెప్పడం?"

"మీ పేరున ఉంది కాబట్టి."

"అమ్మాయి పెళ్లికని కొన్నదండీ అది" అంది తల్లి. అమ్మాయి కళ్లు తిప్పింది.

చెప్పాల్సిందే. ప్రపంచంలో ఎక్కడున్నా తల్లిదండ్రుల పేరు మీదున్న స్థలం, అద్దెకిచ్చిన ఫ్లాటు, పెట్టుబడి కిందకే వస్తాయి, దాని మీద అప్పుంటే తీసేసి మిగిలింది రాయాలి. ఫారం మీద అడుగునే ఉంటుంది, తెలిసి తప్పు చెప్తే ఇరవై వేల డాలర్ల దాకా జరిమానా, జైలు కూడా అని. నేనైతే ఆ వాక్యం చూపించి ఊరుకోను, లెక్క కూడా చూపిస్తాను, ఎందుకంటే భయం కన్నా లెక్కే ఎక్కువ పనిచేస్తుంది. ప్లాటు ఇప్పటి ధర 36 లక్షలనుకుంటే ఆరోజు రేటుకు దాదాపు 40 వేల డాలర్లు. తల్లిదండ్రుల ఆస్తిలో ఎంత ఎక్కువ లెక్కేసినా, కాలేజీలు సాయం లెక్కకట్టే అంకెలో 5.64 శాతమే కలుస్తుంది, అంటే దాదాపు 2,300 డాలర్లు. "ఓస్ ఇంతేనా" అన్నారు. ఆ ఇంత కోసం అబద్ధం ఆడి నాలుగేళ్లు బిక్కుబిక్కుమంటూ ఉండాలా? నల్గొండ జిల్లాలో తాతగారి పొలం సంగతి కూడా అడిగారు. పట్టాదారు పాస్‌పుస్తకం ఇంకా తాతగారి పేరునే ఉంది కాబట్టి అది రాయక్కర్లేదు.

ఇంకో మాట కూడా అడిగారు, అందరూ అడిగేదే, "ఇద్దరు పిల్లలు కాలేజీలో ఉంటే సగమే కట్టాలట కదా?" ఒకప్పుడు అలాగే ఉండేది. 2024-25 నుంచి ఫెడరల్ లెక్కలో అది తీసేశారు. సీఎస్ఎస్ ప్రొఫైల్ అడిగే ప్రైవేటు కాలేజీల్లో కొన్ని ఇంకా చూస్తాయి, అది వేరే ఫారం, వేరే ఫీజు. ఈ అమ్మాయి జాబితాలో అలాంటివి లేవు.

చివరికి కాలేజీల పేజీ. ఇరవై దాకా పెట్టుకోవచ్చు. ఒక కాలేజీకి పంపితే మిగతా కాలేజీల పేర్లు దానికి కనిపించవు, కాబట్టి మొహమాటం అక్కర్లేదు, అప్లై చేయబోయేవన్నీ పెట్టేయొచ్చు. ఫెడరల్ సాయానికి వరస ముఖ్యం కాదు, కొన్ని రాష్ట్రాల సాయానికి మాత్రం ఆ రాష్ట్రం కాలేజీ ముందు ఉండాలంటారు, అక్కడుండేవాళ్లు చూసుకోవాలి. అప్పటికి నా దగ్గర ఇంకో నాలుగు కుటుంబాలు వెయిటింగ్. అమ్మాయికి తలనొప్పిగా ఉందంది. "నేను కొడతాలెండి" అని ఆయన ఏడూ తనే వెతికి పెట్టేశారు. నేను అటు తిరిగాను. ఇదే నా వాటా అన్నది. ఏడు వరసలు, ఒక్క నిమిషం పని, చూడలేదు.

25న ప్రాసెస్ అయిందని అమ్మాయికి మెయిల్ వచ్చింది. సబ్‌మిషన్ సమ్మరీలో ఎస్ఏఐ, అంటే కాలేజీలు సాయం లెక్కకట్టడానికి వాడే అంకె, ఇరవై నాలుగు వేలకు దగ్గర్లో ఉంది. అది ఎంత పెద్దదైతే సాయం అంత తక్కువ. అనుకున్నదే.

మనవాళ్లు సాధారణంగా ఇక్కడితో పని అయిపోయిందనుకుంటారు. నాకు మాత్రం కేసు ఇక్కడ సగంలో ఉన్నట్టు. ఫెడరల్ సైటు "ప్రాసెస్ అయింది" అంటే వాళ్ల పని అయిందని, కాలేజీ దాన్ని తీసుకుని అమ్మాయి ఫైల్లో పెట్టిందని కాదు. రెండు మూడు వారాలాగి ఒక్కో కాలేజీ పోర్టల్లోకి వెళ్లి చూడమంటాను. అమ్మాయి ఒక నోట్‌బుక్‌లో గీతలు గీసుకుంది: కాలేజీ పేరు, కోడ్, పంపిన తేదీ, అందిన తేదీ, ఎవరితో మాట్లాడాం. డిసెంబర్ 12 రాత్రికి ఐదు వరసల్లో తేదీలు పడ్డాయి, రెండు ఖాళీ.

మొదటి ఖాళీని కనిపెట్టింది అన్నయ్య. తనకు రాని ఫారమే అయినా చెల్లెలి సమ్మరీ ప్రింట్ తీసుకుని సోఫాలో పడుకుని చదువుతున్నాడట, "నాన్నా, ఇది మనం అప్లై చేసిన క్యాంపస్ కాదు" అన్నాడు. ఒకే యూనివర్సిటీ పేరుతో ఊరికో క్యాంపస్ ఉంటుంది, ఒక్కో దానికి ఒక్కో ఆరక్షరాల కోడ్. ఉదాహరణకు యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్ తీసుకుంటే ఆస్టిన్‌ది 003658, డాలస్‌ది 009741, ఆర్లింగ్టన్‌ది 003656. వెతుకులాటలో పైన కనపడ్డది నొక్కేస్తే ఫారం వేరే ఊరెళ్లి కూర్చుంటుంది, అక్కడ అమ్మాయి అప్లికేషనే లేదు కాబట్టి వాళ్లు పట్టించుకోరు, ఇక్కడివాళ్లకు అందదు. ఈయన చేసిన పొరపాటు సరిగ్గా ఇలాంటిదే. దీనికి కొత్త ఫారం నింపక్కర్లేదు. అమ్మాయి తన ఖాతాలోకెళ్లి కరెక్షన్ అని నొక్కి, సరైన కోడ్ కలిపి, తనే సంతకం చేసి పంపింది, తండ్రి మళ్లీ సంతకం పెట్టాల్సిన పనిలేదు. మూడు రోజుల్లో ప్రాసెస్ అయింది, 18న పోర్టల్లో తేదీ పడింది.

రెండోది మొండిది. కోడ్ కరెక్టే, ఫారం అక్కడికి వెళ్లింది కూడా, అయినా పోర్టల్ "రాలేదు" అంటోంది. ఇలాంటప్పుడు నేను అడిగేది ఒక్కటే: కాలేజీ అప్లికేషన్లో సోషల్ ఇచ్చారా, పేరు ఎలా రాశారు? సోషల్ ఇవ్వలేదు, "సేఫ్టీ కోసమండీ" అన్నారు. పేరేమో సోషల్ కార్డు మీద రెండు ముక్కలు, అప్లికేషన్లో కలిపి ఒకే ముక్క. ఫాఫ్సా సోషల్‌తో, కార్డు మీదున్న పేరుతో వెళ్తుంది. కాలేజీ కంప్యూటర్‌కి ఈ ఇద్దరూ ఒకే అమ్మాయని తెలీదు, ఎవరిదో తెలియని ఫైళ్ల గుట్టలో పడేస్తుంది. మన పేర్లతో ఇది ఎంత మామూలో చెప్పలేను, ఇంటిపేరు ముందో వెనకో, మధ్యలో స్పేసుందో లేదో, కొందరికి పాస్‌పోర్టులో మొదటి పేరే ఉండదు. మా ఆఫీసులో జనవరిలో నా పనిలో పెద్ద భాగం ఆ గుట్ట కెలకడమే.

18న, 19న ఫోన్ చేశారు, ఎవరూ ఎత్తలేదు. తర్వాత సెలవులు. జనవరి 5 సోమవారం పొద్దున ఎనిమిదింటికి అమ్మాయి చేసింది. తండ్రి చేస్తే విద్యార్థి అనుమతి లేకుండా వాళ్లు ఏమీ చెప్పరు, కాబట్టి స్పీకర్ పెట్టి అమ్మాయి చేతే మాట్లాడించమన్నాను. ఏం మాట్లాడాలో ముందే రాసిచ్చాను: స్టూడెంట్ ఐడీ ఇదీ, ఫాఫ్సా ఫలానా తేదీన ప్రాసెస్ అయింది, నా అప్లికేషన్లో సోషల్ లేదు, పేరు తేడాగా ఉంది, మీ సిస్టంలో కలపడానికి ఏ ఫారం ఇవ్వాలి? నాలుగు నిమిషాల కాల్. సోషల్ మార్పుకు పోర్టల్లోనే ఒక ఫారం ఉంది, కార్డు కాపీ అక్కడే అప్‌లోడ్ చేయాలి, ఈమెయిల్లో పంపొద్దు. జనవరి 8న ఏడో వరసలో తేదీ పడింది. గడువుకు వారం ముందు.

ఒక కాలేజీ వెరిఫికేషన్‌కి, అంటే ఫారంలో రాసినవి సరిచూడటానికి, పిలిచింది, రెండు కాగితాలడిగింది, ఇచ్చారు, అయిపోయింది. దాని గురించి భయపడాల్సిందేమీ లేదు.

ఫిబ్రవరి నెలాఖరుకు ఎయిడ్ లెటర్లు వచ్చాయి. ఎస్ఏఐ ఇరవై నాలుగు వేలు కదా, అందరూ ఇచ్చింది ఒకటే, మొదటి ఏడాది పిల్లలకుండే 5,500 లోను. ఇప్పుడు లేఆఫ్ సంగతి. దీన్ని ప్రొఫెషనల్ జడ్జ్‌మెంట్ అంటారు, ఇంట్లో పరిస్థితి మారితే కాగితాలు చూసి అంకె మార్చే అధికారం కాలేజీ ఎయిడ్ ఆఫీసర్‌కుంది. ఏ కాలేజీకాకాలేజీ. ఒకరు ఒప్పుకున్నారని ఇంకొకరు ఒప్పుకోవాలని లేదు, కాదంటే పైన అప్పీల్ చేసుకునే చోటూ లేదు.

ఆయన మొదట రాసిన ఉత్తరం మూడు పేజీలు. కంపెనీకి ఎన్నేళ్లు ఎంత నమ్మకంగా చేశారో, ఆ అరవై రోజులు నిద్రలేక ఎలా గడిపారో, అన్నీ ఉన్నాయి. చదువుతుంటే నాకే కళ్లు చెమర్చాయి, కానీ వరసగా నలభై ఫైళ్లు చూసే ఆఫీసర్‌కి కావాల్సింది అది కాదు. కూర్చుని కొట్టేశాం. మిగిలింది ఇంత: "2025 మార్చి 14న నా ఉద్యోగం పోయింది. ఎనిమిది వారాల సెవరెన్స్ ఇచ్చారు, అది మళ్లీ వచ్చే డబ్బు కాదు. మే 12న కొత్త ఉద్యోగంలో చేరాను. 2024లో మా ఆదాయం 1,32,000 డాలర్లు, వచ్చే పన్నెండు నెలలకు 92,000. నా భార్యకు సంపాదన లేదు. లేఆఫ్ లెటర్, చివరి పే స్టబ్, కొత్త ఆఫర్ లెటర్, 2025 డబ్ల్యూ2లు జతచేశాను." అబ్బాయి ఫీజు ఎంత కడుతున్నారో ఒక వాక్యం కలిపాం, అతనికి ఫెడరల్ సాయం రాదన్నది కూడా.

మూడు కాలేజీలకే పంపమన్నాను, నిజంగా వెళ్లే ఆలోచన ఉన్నవాటికే. ఒకటి కుదరదంది. ఒకటి ఇంకా కాగితాలడిగి ఏప్రిల్ దాకా నాన్చింది. మూడోది, ఇంటికి ముప్పై నిమిషాల దూరంలో ఉన్నది, మూడు వారాల్లో లెక్క మార్చింది. ఎస్ఏఐ తొమ్మిది వేల ఏడొందలకు దిగింది. పెల్ అప్పటికీ రాలేదు, వస్తుందని నేనూ చెప్పలేదు. కానీ కాలేజీ సొంత గ్రాంటు ఏడాదికి 4,500 ఇచ్చింది. లోను అలాగే ఉంది, అందులో 3,500 చదువుకునేటప్పుడు వడ్డీ పడని రకం.

తండ్రికి లోను మాట నచ్చలేదు. "పిల్ల నెత్తిన అప్పెందుకండీ, నేను తీసుకుంటా" అన్నారు. పేరెంట్ ప్లస్ అని తల్లిదండ్రులకిచ్చే ఫెడరల్ లోను ఉంది, కానీ తీసుకునే వాళ్లు సిటిజనో గ్రీన్‌కార్డో అయ్యుండాలి, హెచ్1బీకి రాదు. ఆ కారణం చూపించి అడిగితే అమ్మాయి పేరునే ఇంకో 4,000 దాకా ఇచ్చే వీలు కాలేజీకుంది, ఇది చాలామందికి తెలీదు. చెప్పాను. ఇంట్లో రెండ్రోజులు చర్చ జరిగింది, అమ్మాయి వద్దంది. హాస్టల్ మానేసి ఇంటి నుంచే వెళ్తానంది, వడ్డీ లేని 3,500 మాత్రం తీసుకుంటానంది. అన్నయ్య పాత కారు ఇస్తానన్నాడు. అతనికి ఆగస్టులో ఇరవై ఒకటి నిండుతుంది, హెచ్4 పోతుంది, ఎఫ్1కి మారే కాగితాల్లో తలమునకలై ఉన్నాడు. ఆ విషయంలో నేను చేయగలిగింది లేదు, ఇమిగ్రేషన్ లాయర్ నంబరిచ్చాను.

సీటు ఖాయం చేసుకునే గడువు మే 1కి రెండ్రోజుల ముందు డిపాజిట్ కట్టారు. లోను కౌన్సెలింగ్, ప్రామిసరీ నోటు అమ్మాయి ఒక్కతే కూర్చుని పూర్తిచేసింది. ఫాఫ్సా ఏటా మళ్లీ నింపాలని తండ్రికి గుర్తుచేస్తే, "అక్టోబర్‌లో అదే చేసుకుంటుందిలెండి, నేను ముట్టుకోను" అన్నారు.

పోయిన వారం తల్లి ఫోన్ చేసింది. వాళ్ల అపార్ట్‌మెంట్‌లోనే పై అంతస్తులో ఇంకో తెలుగు కుటుంబం ఉందట, తండ్రి హెచ్1బీ, పిల్లాడు న్యూజెర్సీలో పుట్టాడు, వచ్చే ఏడాది సీనియర్. అమ్మాయి నోట్‌బుక్ పేజీ ఫోటో తీసి వాళ్లకు పంపిందట. "రాగానే వాళ్లాయన ఏమడిగారో తెలుసా అండీ," అంది నవ్వాపుకోలేక, "ఆప్ట్-అవుట్ ఫారం మీద సంతకం ఎక్కడ పెట్టాలీ అని!"